పార్కు దుమ్ములో ఏముంది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు "ఆరోగ్యం మీద, అందరికీ పనికొచ్చేది, ఇరవై నిమిషాలు" అన్నారు. బీపీ గురించీ, షుగరు గురించీ కిందటి సమావేశాల్లో డాక్టర్లు చక్కగా చెప్పారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ ప్రయోగశాలలో మట్టీ, నీళ్ళూ పరీక్షించి పింఛను పుచ్చుకుంటున్న రసాయన విశ్లేషకుణ్ణి. అందుచేత నాకు తెలిసిన మట్టి గురించే చెబుతాను. అదీ మనం రోజూ తొక్కే మట్టి, పార్కు దుమ్ము. ఈ విషయం ఎంచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ రోజు ఎజెండాలో ఆరో అంశం కాలనీ పార్కులో పిల్లల ఆటస్థలానికి మన సంఘం తరఫున విరాళం ఇవ్వడం. ప్లానులో ఆ ఆటస్థలాన్ని మెయిన్ రోడ్డు వైపు గోడ వారగా చూపించారు. ఆ తీర్మానానికి చేతులెత్తే ముందు నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

భార లోహాలు అంటాం. సీసం, కాడ్మియం, క్రోమియం, నికెల్, పాదరసం, వీటి జట్టులోనే లెక్కవేసే ఆర్సెనిక్. రాగి, యశదం కూడా ఈ పట్టికలోకి వస్తాయి గాని అవి కొద్ది మోతాదులో ఒంటికి కావలసినవే. సీసం, కాడ్మియం అలా కాదు. మన శరీరంలో వాటితో జరగవలసిన పని ఏదీ లేదు. ఇంకో సంగతి. పురుగుమందు అయితే ఎండకో వానకో ఎప్పటికైనా విరిగిపోతుంది. లోహం విరగదు, కుళ్ళదు, కాలిస్తే పోదు. ఒకచోట పడిందంటే ఎవరో ఎత్తి అవతల పోసేదాకా, లేదా గాలో నీరో మోసుకుపోయేదాకా అక్కడే ఉంటుంది. సీసమైతే నేల పై పొరలో కొద్ది అంగుళాల మేర పట్టుకుని దశాబ్దాల తరబడి కదలదు.

అసలు పార్కులోకి సీసం ఎలా వచ్చింది? పార్కులో కార్ఖానా లేదు కదా అంటారు. మనలో చాలామంది ఆ రోజుల్లో స్కూటరు మీద ఆఫీసుకు వెళ్ళినవాళ్ళమే. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంజను టకటక కొట్టుకోకుండా టెట్రాఇథైల్ లెడ్ అనే పదార్థం పనికొస్తుందని 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టాడు. అక్కడినుంచి ప్రపంచమంతా అదే పెట్రోలు. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలైంది, 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అదే అయింది. ప్రపంచంలో చివరగా మానినది అల్జీరియా, 2021లో. అన్నేళ్ళపాటు పొగ గొట్టాల నుంచి వెలువడిన సన్నని సీసపు నుసి రోడ్లకు ఇరువైపులా నేల మీద దిగింది. పెట్రోలులో మానేశాం, నేలలోంచి ఎవరూ తీయలేదు. కనుక పాత రోడ్డు పక్కన ఉన్న పాత పార్కు ఒక రకంగా పాత లెడ్జరు లాంటిది. ఆ ఖాతా ఇంకా క్లోజు కాలేదు.

ఇక ఇప్పటికీ వచ్చి పడేవి ఉన్నాయి. టైరు రబ్బరులో యశదం ఉంటుంది, అది అరిగిన కొద్దీ రోడ్డు మీద పొడి అవుతుంది. బ్రేకు లైనింగుల నుంచి రాగి, ఆంటిమొని వస్తాయి. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చిన్న చిన్న కొట్లు ఊరి నడుమ ఇంకా నడుస్తున్నాయి. 2001లో ఒకసారి, 2022లో మరోసారి బ్యాటరీల మీద నిబంధనలు వచ్చినా, వెనక సందులో కుంపటి పెట్టుకున్నవాడి దాకా అవి చేరడం కష్టం. మన హైదరాబాదు సంగతే చూడండి. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నేల మీద 2001లో, కాటేదాన్ నేల మీద 2008లో పరిశోధన పత్రాలు ప్రచురించారు. రెండుచోట్లా సీసం, క్రోమియం వంటివి సహజంగా ఉండవలసినదానికంటే చాలా ఎక్కువగా కనబడ్డాయి. అవి పార్కులు కావు, నిజమే. కాని దుమ్ముకు వార్డు సరిహద్దులు తెలియవు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పత్రికలో "పార్కు మట్టిలో క్రోమియం" అని వార్త రాగానే బెదిరిపోనక్కరలేదు. భూమి పై పొరలో సీసం సహజంగానే పది లక్షల పాళ్ళకు సుమారు 15 పాళ్ళు ఉంటుంది. మేము దీన్ని 15 పీపీఎం అంటాం. మన గ్రానైటు రాళ్ళ నేలలో ఇంకాస్త ఎక్కువ. వికారాబాదు వైపు నల్లరేగడి బసాల్టు రాయి నుంచి పుట్టింది కాబట్టి అక్కడ క్రోమియం, నికెల్, రాగి పుట్టుకతోనే ఎక్కువ. ఆ అంకెనే హైదరాబాదు గ్రానైటు నేలలో చూస్తే అనుమానించాలి, వికారాబాదులో చూస్తే రాతి గుణం అనుకోవాలి. అందుకే ఏ నమూనా తీసినా పక్కనే లోతునుంచి కల్తీ లేని మట్టి ఒకటి తీసి పోల్చాలి. ఇది చేయకుండా వచ్చే అంకెలను నేను నమ్మను.

సరే, ఉన్నది ఒంట్లోకి ఎలా పోతుంది? గాలిలో పీల్చడం వల్ల అని అందరూ అనుకుంటారు. పీల్చడం కొంత ఉంది. చర్మం గుండా పోయేది బహు స్వల్పం. అసలు దారి నోరు. లోహం ముతక ఇసుకలో కంటే సన్నని ధూళిలో ఎక్కువ పట్టి ఉంటుంది, ఆ సన్నని ధూళే చేతికి బాగా అంటుకుంటుంది. ఆ చేయి నోట్లోకి పోతుంది. మనం పెద్దవాళ్ళం చేతులు నోట్లో పెట్టుకోం గాని, నడక ముగించి బెంచీ మీద కూర్చుని పల్లీలు వలుచుకు తింటాం! రెండేళ్ళ పిల్లవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. వాడి చేయి రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. చిన్న పిల్లలు తెలియకుండా మింగే మట్టి, ధూళి రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములుగా అమెరికా పర్యావరణ సంస్థ తన లెక్కల్లో వాడుతుంది. తక్కువ అంకె 100 తీసుకుందాం. చిటికెడు ఉప్పులో మూడో వంతు అనుకోండి. అందులో నాలుగో వంతు మాత్రమే పార్కులోది, అంటే 25 మిల్లీగ్రాములు. ఆ దుమ్ములో సీసం 100 పీపీఎం ఉందని ఊహించుకుందాం. మన పార్కులో అంత ఉందని నేను అనడం లేదు, మాటవరసకు. అప్పుడు పిల్లవాడి పొట్టలోకి పోయే సీసం రెండున్నర మైక్రోగ్రాములు. ఆహారం ద్వారా పిల్లలకు చేరే సీసం రోజుకు 2.2 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో సూచిక పెట్టుకుంది. అంటే వాడు అన్నం తినకముందే, ఒక గంట ఆటలో ఆ కోటా అయిపోయిందన్నమాట. దీనికి ఒక సవరణ ఉంది. మట్టిలో ఉన్న సీసమంతా పొట్టలో కరగదు, కొంత రాయిలోనే ఉండి అలాగే బయటికి పోతుంది. ఎంత కరుగుతుందన్నది ఆ సీసం ఏ రూపంలో ఉందో దాన్నిబట్టి ఉంటుంది. పరిశోధన పత్రాల్లో కొన్ని ఈ విషయం పట్టించుకోకుండా మొత్తం సీసాన్నీ లెక్కవేసి భయపెడతాయి. అదీ మీరు తెలుసుకోవాలి.

కరిగినదానిలో పెద్దవాళ్ళ ఒంట పట్టేది సుమారు పదో వంతు. పిల్లలకు దాదాపు సగం దాకా పడుతుంది. పెరిగే ఒళ్ళు కాల్షియం కోసం, ఇనుము కోసం తలుపులు బార్లా తీసి ఉంచుతుంది. సీసం ఆ తలుపులోంచే వస్తుంది. రక్తహీనత ఉన్న పిల్లవాడికి ఇంకా ఎక్కువ పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతానికి రక్తహీనత. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

సీసం పిల్లల్లో చేసే పని వాంతులూ మూర్ఛలూ కాదు. అవి చాలా ఎక్కువ మోతాదులో. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు, రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఢిల్లీ ఎయిమ్స్ వారు చెప్పారు. తరవాత పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్ళింది. ఆ వారం పది రోజులూ పత్రికలనిండా సీసమే. కాని పార్కు దుమ్ములోని సీసం అలా పత్రికకెక్కదు. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల వైద్యుడు ఊడిన పాలపళ్ళు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. ఏ జబ్బూ లేని, బడికి వెళ్ళే మామూలు పిల్లల పళ్ళవి. సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షలో వెనకబడ్డారు, తరగతిలో దృష్టి నిలపలేకపోయారు. ఎవరూ ఆస్పత్రికి పోలేదు. ఇంట్లో "వీడికి చదువు ఎక్కడం లేదు" అనుకుని ఊరుకుంటారు, అంతే.

అప్పటినుంచి హద్దు దిగుతూ వచ్చింది. డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములు దాటితే ఆలోచించాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1991లో అంది, 2012లో 5 అంది, 2021లో మూడున్నర అంది. ఇంత వరకు ఫరవాలేదు అనే అంకె అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, రక్తంలో 5 మైక్రోగ్రాముల పైన సీసం ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన నివేదిక అంచనా. అదంతా పార్కుల వల్ల కాదు సుమా. బ్యాటరీలు, రంగులు, వంటపాత్రలు, కల్తీ పసుపు, ఇలా చాలా దారులున్నాయి. ఆంజనేయస్వామికి పూసే సింధూరం కూడా అసలుదైతే సీసపు ఆక్సైడే. పూజ మానమని నేననను, ఆ చేత్తో పిల్లలకు ప్రసాదం పెట్టకండి అంటాను.

మరి మన సంగతి? ఒంట్లోకి వచ్చిన సీసం రక్తంలో నెల రోజులకు సగమవుతుంది. పోయేది కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకల్లో చేరుతుంది. పెద్దల ఒంట్లోని సీసంలో తొంభై శాతం పైగా ఎముకల్లోనే ఉంటుంది, అక్కడ సగం కావడానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. అంటే 1985లో ఆబిడ్స్ చౌరస్తాలో సిగ్నలు దగ్గర మనం పీల్చినదాంట్లో కొంత ఈ హాల్లో మనతోపాటే కూర్చుని ఉంది. ముసలితనంలో ఎముక గుల్లబారినప్పుడు, ఆడవారికి నెలసరి ఆగిన తరవాత, ఆ సీసం మళ్ళీ రక్తంలోకి దిగుతుంది. రక్తపోటు పెరగడానికి, మూత్రపిండాలు దెబ్బతినడానికి అది తోడవుతుంది. మన వయసువారికి కాల్షియం, విటమిన్ డి, నడక ముఖ్యమని డాక్టర్లు చెప్పేదానికి ఇది ఒక అదనపు కారణం. ఎక్కడో చదివి, సీసం కడిగేసే మందులని సొంతంగా మాత్రలు వేసుకోకండి. ఆ చికిత్స ఆస్పత్రిలో, చాలా ఎక్కువ సీసం ఉన్నవారికి మాత్రమే.

కాడ్మియం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అది మూత్రపిండంలో చేరి పదేళ్ళకు పైగా కదలదు. జపానులో జింజూ నది ఒడ్డున గని నీళ్ళతో పండిన వరి తిని ఎముకలు విరిగి బాధపడ్డవారి జబ్బుకు కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. పార్కు దుమ్ములో సాధారణంగా అది చాలా తక్కువ. పొగాకు మొక్క దాన్ని నేలలోంచి బాగా లాగుతుంది. కాబట్టి పార్కు బెంచీ మీద సిగరెట్టు ముట్టించి పార్కు దుమ్ములో కాడ్మియం గురించి నన్నడిగే మిత్రులకు నా జవాబు వారి వేళ్ళ మధ్యనే ఉంది.

ఇదంతా విని రేపటినుంచి నడక మానేస్తామంటారేమో. దయచేసి మానకండి. మన వయసువాడు నడక మానడం వల్ల వచ్చే నష్టం పార్కు దుమ్ము వల్ల వచ్చేదానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇందులో నాకు సందేహం లేదు. కాని రోడ్డు గోడ పక్క ట్రాకు మీద కాక లోపలి ట్రాకు మీద నడవండి. రోడ్డు దుమ్ములోని లోహాలు అంచు నుంచి మొదటి ఇరవై ముప్పై మీటర్లలోనే బాగా తగ్గిపోతాయి. మధ్యలో దట్టమైన కంచె పొదలుంటే అవి ఇంకొంత పట్టేస్తాయి.

ఇప్పుడు ఆటస్థలం విషయానికి వస్తాను. గోడ వారగా జారుడుబల్ల పెట్టడానికి కారణం, రోడ్డున పోయేవారికి కనబడాలని, దాతల పేర్ల బోర్డు బాగా కనబడాలని. ఆ ఆశ నాకూ అర్థమవుతుంది. కాని పార్కు మొత్తంలో దుమ్ముకు అన్నిటికంటే చెడ్డ చోటు అదే. ఆటస్థలాన్ని వెనక వేపచెట్ల వైపుకు మార్చమని నా ప్రార్థన. బోర్డు గేటు దగ్గర పెట్టుకోవచ్చు.

జారుడుబల్ల మీద వేసే రంగు కూడా అడగాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో నిబంధన చేసి 2017 నవంబరు నుంచి అమలు చేశారు. అయితే ఆ నిబంధన ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులకే. ఇనుప సామానుకు వేసే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లోనే సీసం, క్రోమియం ఎక్కువగా ఉండేది, పిల్లల ఆటసామానుకు మనం వేయించేవీ ఆ రంగులే. ఆర్డరులో "90 పీపీఎం లోపు" అని రాయించి, తయారీదారు నుంచి సర్టిఫికెట్ తీసుకుంటే పోతుంది. పాత ఉయ్యాల స్తంభాలు గీకి మళ్ళీ రంగు వేస్తామన్నారు. పొడిగా గీకించవద్దు. తడిపి, కింద టార్పాలిన్ పరచి, రాలినది మూటగట్టి తీసేయించాలి. లేకపోతే నలభై ఏళ్ళ రంగంతా ఒక్క రోజులో పిల్లల కాళ్ళ కింద పోసినట్టే.

అడుగున పాత టైర్ల రబ్బరు పలకలు వేద్దామని ఒక ప్రతిపాదన ఉంది. పడితే దెబ్బ తగలదన్నది నిజమే గాని మన ఎండలకు అవి కాలిపోతాయి, రబ్బరులో యశదమూ ఉంది. నా ఓటు పచ్చికకు. గడ్డి ఉన్నచోట దుమ్ము లేవదు, చేతికంటదు. కొత్త మట్టి తోలించి గడ్డి వేస్తే పాత మట్టి కిందికి పోతుంది. మట్టితోపాటు మునిసిపల్ చెత్త ఎరువు కలుపుతామంటే పరీక్ష కాగితం అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో సీసం 100 పీపీఎం, కాడ్మియం 5 పీపీఎం దాటకూడదు.

దీపావళి సామాను కాల్చేదీ ఆ మైదానంలోనే కదా. టపాసుల్లో సీసం, ఆర్సెనిక్, ఆంటిమొని, పాదరసం, లిథియం వాడరాదని సుప్రీంకోర్టు 2017 జూలైలో చెప్పింది. చెప్పినంత మాత్రాన అందరూ మానారని నేననుకోను. కాల్చుకునేవారు సిమెంటు బాట మీద కాల్చుకుని మర్నాడు నీళ్ళు చల్లి ఊడిపిస్తే మేలు.

ఊడవడం అన్నాను కాబట్టి ఇంకొకరి గురించి చెప్పాలి. పొద్దున అయిదున్నరకు మనం వెళ్ళేసరికే ఒక అమ్మాయి పొడవాటి చీపురుతో బాటలన్నీ ఊడుస్తూ ఉంటుంది. మనం ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పక్కనుంచి పోతాం. ఆమె రెండు గంటలు ఆ దుమ్ములోనే. ఆమె వెంట మూడేళ్ళ పిల్లవాడు వస్తాడు. ఊడ్చి పోగుపెట్టిన కుప్ప పక్కనే కూర్చుని ఆడుకుంటాడు. ఈ హాల్లో నేను చెప్పిన లెక్కలన్నీ నిజానికి ఎవరికి వర్తిస్తాయంటే ముందు వాడికి. మన మనవలు వారానికి ఒకరోజు వస్తారు, ఇంటికెళ్ళి చేతులు కడుక్కుని పాలు తాగుతారు. ఊడిచే ముందు బాటల మీద నీళ్ళు చల్లడానికి ఒక గొట్టం, ఆమెకు మంచి మాస్కు, వాడు కూర్చోవడానికి వాచ్‌మన్ గది వరండా, ఇవి మనం ఇవ్వగలిగినవే. ఆటస్థలం విరాళంలోంచే ఇవ్వవచ్చు. కుళాయి ఒకటి పాడైంది, దాన్ని బాగు చేయించి పక్కన సబ్బు పెడితే అందరికీ పనికొస్తుంది.

ఇంట్లో చేయవలసినది మన పెద్దలు చేసినదే. చెప్పులు గుమ్మం బయట, కాళ్ళు కడుక్కుని లోపలికి. పొడి చీపురు కంటే తడిగుడ్డ మంచిది. మట్టి తినే అలవాటున్న పిల్లవాడు, బ్యాటరీ కొట్టు పక్కన ఉండే పిల్లవాడు, ఎంత ఐరను ఇచ్చినా రక్తం పట్టని పిల్లవాడు ఉంటే పిల్లల డాక్టరునడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. అందరికీ అవసరం లేదు.

చివరగా ఒక పని. మన పార్కులో ఎంత ఉందో ఊహించుకుంటూ కూర్చోవడం నాకిష్టం లేదు, కొలిస్తే తెలుస్తుంది. గోడ వెంట నాలుగు, ట్రాకు మీద నాలుగు, వేపచెట్ల కింద నాలుగు, మొత్తం పన్నెండు చోట్ల పై పొర దుమ్ము, రెండు అడుగుల లోతునుంచి ఒక మట్టి నమూనా తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపుదాం. అధ్యక్షులవారు అనుమతిస్తే ఆరో అంశాన్ని ఆ ఫలితాలు వచ్చేదాకా వాయిదా వేయమని కోరుతున్నాను. నమూనాలు తీయడం నేను చూపిస్తాను. ఆదివారం ఉదయం ఆరున్నరకు గేటు దగ్గర కలుద్దాం. వచ్చేవారు కొత్త పాలిథిన్ కవర్లు, ఒక ప్లాస్టిక్ గరిటె, పేర్లు రాయడానికి చెరగని సిరా పెన్ను తెచ్చుకోండి. ఇనుప గరిటె తేవద్దు. పలుగు నేను తెస్తాను, లోతు గొయ్యికి మాత్రం కాస్త వయసులో చిన్నవారు ఎవరైనా కావాలి.